డప్పు వంతు

పగటి పక్షం, మంగళవారం

పొద్దున గోడ మీద తెర వెలిగించి చూస్తే, ఎవరిళ్ళలోంచి వాళ్ళు తెర మీద కలుసుకునే నా వాక్య గదిలో ముగ్గురు. వారిలో ఒకరు నా భార్య. ఇంకొకరు నిద్రపోతున్నట్టున్నారు, గురక నా ప్రార్థనలో కలిసిపోయింది. పక్కనున్న డప్పు గదిలో మాత్రం సగం సొరంగం కూర్చుని ఉంది. డప్పు ఎవరు? కుక్క. అదేం చేస్తోంది? అదీ నిద్రపోతోంది.

నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పడమే బోధకుడి పని కాబట్టి రాస్తున్నాను. మనిషి జంతువును పెంచాలి, కాదనను. పాల కోసం పెంచాలి, కాపలా కోసం పెంచాలి. చంద్రుడి మీద, రాతి కడుపులో, దొంగ రావడానికి దారే లేని మూడో సొరంగంలో కుక్క దేనికి? మా తాతలను చీమకుర్తి గనుల నుంచి ఇక్కడికి తెచ్చినప్పుడు సమ్మెటలు తెచ్చుకున్నారు, గోంగూర విత్తనాలు తెచ్చుకున్నారు, గ్రంథం తెచ్చుకున్నారు. కుక్కల సంతతిని ఎవరు తెచ్చారంటే ఒక్కరూ నోరు విప్పరు. ఇప్పుడు దానికో గది, ఆ గదిలో పొద్దస్తమానం కబుర్లు. డప్పుకు సోయా పెరుగు పడుతుందా పడదా అని నిన్న ఇద్దరు ఆడవాళ్ళు మాటలు మానుకునేదాకా వెళ్ళారట. వినోదం అంటే ఇదా? ఇళ్ళలో సాయంత్రం పూట పాటలు వినిపించిన కాలం నాకు గుర్తుంది. ఇప్పుడు కుక్క ఆవులిస్తే గోడల నిండా "అబ్బబ్బ".

ఇదే మాట నా భార్య రాహేలుతో అన్నాను. ఆమె మంచం దిగదు. పడుచుతనమంతా రాతి పొడిలో పనిచేసిన ఊపిరితిత్తులు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు.

"జలప్రళయం నాటి ఓడలో కుక్కలు ఎక్కలేదా?" అంది.

"ఎక్కాయి. కింది అంతస్తులో."

"నువ్వు పోయి చూసొచ్చావా? అంత వానలో, అంత చీకట్లో ఆ ముసలాయన పక్కన ఏది ముడుచుకుని పడుకుందో ఎవరికి తెలుసు?"

గ్రంథంలో రాయనిదానికి నేను జవాబు చెప్పను. ఆ మాటే చెప్పాను. "చెప్పబాకలే, జవాబు లేకపోతే" అని నవ్వింది. ఆ నవ్వుకు దగ్గొచ్చింది. నీళ్ళు ఇచ్చాను.

పగటి పక్షం, శుక్రవారం

ఈ రోజు డప్పు వంతు మాది. మళ్ళీ మాదే.

రాతిని నలిపి ఊపిరి గాలి తీసే గానుగ నుంచి ప్రతి ఇంటికీ ఒక వాటా వస్తుంది. కుక్కకు వాటా లేదు. ఎవరి వంతు రోజున వాళ్ళు తమ గాలిలోంచి దానికి ఇచ్చి, గాలి తినే పొయ్యిని తక్కువ సేపు వెలిగించుకుంటారు. సొరంగంలో ఇన్ని ఇళ్ళుండగా వంతు మా గడపకే ఎందుకింత తొందరగా తిరిగి వస్తుందో నాకు అర్థం కాదు. పక్కింటి వెంగమ్మను నిలదీశాను.

"మాకు ఇయ్యాల పొయ్యి పనుందన్నా, మీరుంచుకోండి" అంది. మొన్న ఇంకొకరు ఇదే మాట చెప్పారు. మంచివాళ్ళం కదా అని బరువు మా నెత్తిన పెడుతున్నారు.

తలుపు తీయగానే డప్పు గాల్లోకి లేచాడు. ఇక్కడ ఎవరు గెంతినా తేలిపోతారు, వాడు మరీనూ. గడప దగ్గర లేచినవాడు మంచం మీద వాలాడు. తోక గోడ రేకుకు తగిలి దబదబ మోగింది, అందుకే ఆ పేరు. రాహేలు కాళ్ళ మీద బోర్లా పడి కళ్ళు మూసుకున్నాడు. వాడితోపాటు వెంగమ్మా లోపలికి వచ్చింది. కుక్కను దింపి వెళ్ళిపోవచ్చు కదా, వెళ్ళదు. కూర్చుంది. గోంగూర కట్ట ముందేసుకుని ఆకు తుంచుతూ, ఎవరి కోడలు ఏమన్నదో, ఎవరి దీపాల కింద టమాటా ఎందుకు కాయలేదో చెప్పుకుపోయింది. మధ్యలో లేచి వెళ్ళి రాహేలు తల కింది దిండు తిరగేసి పెట్టింది. నేను మూలకు తిరిగి చెవులు మూసుకుని ఆదివారం వాక్యం సిద్ధం చేసుకున్నాను. నేను ఏ వేదపాఠశాలలోనూ కూర్చోలేదు. డ్రిల్లు ఆగిన ప్రతి విరామంలో గ్రంథం తెరిచి, వేలితో అక్షరం అక్షరం తడుముతూ నేర్చుకున్నవాణ్ణి. నాకు నిశ్శబ్దం కావాలి. ఆ ఇద్దరు ఆడవాళ్ళ నవ్వూ, ఆ తోక మోతా నా వాక్యాన్ని తుంచి తుంచి పారేశాయి.

చీకటి పక్షం, బుధవారం

సూర్యుడు దిగిపోయాడు. ఇక రెండు వారాలు కరెంటు పొదుపుగా వాడాలి. ఈసారి దానికి తోడు గానుగ మూలిగింది. రెండు తిరగళ్ళలో ఒకటి ఆగిపోయింది. విడిభాగం వచ్చేదాకా వాటాలు తగ్గిస్తారని గోడ మీద ప్రకటన వచ్చింది. రాహేలు పెదవులు అప్పుడే కొద్దిగా నల్లబడ్డాయి. నాకు భయమేసింది. భయపడ్డానని రాసుకోవడానికి సిగ్గుపడను.

గానుగ మేస్త్రీ మాలకొండయ్య వచ్చాడు. చొక్కా మీద నూనె, మొహం మీద నిద్రలేమి.

"ఎవురి వాటా వాళ్ళకే చాలదు, కుక్కకు ఏడనించి ఇస్తాం జకరయ్యన్నా? రెండు దార్లుండాయి. అందరం పూటకో గంట పొయ్యి మానుకుంటే వాడిక్కడే ఉంటాడు. లేదంటే ఏడో సొరంగానికి రాళ్ళ బండిలో పంపిద్దాం, వాళ్ళకు గాలి మిగులుతుంది."

"పంపేదే మంచిది."

"మీరూ నేనూ అనుకుంటే చాలదుగా. ఆదివారం మీ ప్రసంగం అయిపోంగానే అందరినీ అడుగుతా. అప్పుడే గదా అందరూ ఒక చోటుండేది."

నిజమే. వారంలో ఏ రోజూ నా గదికి రానివాళ్ళు కూడా ఆదివారం ఆ ఒక్క గంట గోడ వెలిగిస్తారు. గుడికి వెళ్ళేవాళ్ళూ వెలిగిస్తారు, ఎక్కడికీ వెళ్ళనివాళ్ళూ వెలిగిస్తారు. ప్రసంగం తర్వాత సొరంగం సంగతులు చెప్పేది అక్కడే. కూర కలుపుతూనో, పిల్లకు జడ వేస్తూనో వింటారు. చివర్లో నేను "చేతులెత్తండి" అంటే ఎత్తుతారు. గరిటె ఉన్న చెయ్యే ఎత్తుతారు. నా గదిలో ఎత్తని చెయ్యి ఎన్నడూ లేదు.

చీకటి పక్షం, ఆదివారం

ఇంత బాగా నేను ఎప్పుడూ ప్రసంగించలేదు.

మట్టి ముక్కులో ఊపిరి ఊదినవాడు ఎవడు? అని మొదలుపెట్టాను. ఆ ఊపిరి మనిషి ముక్కులో ఊదాడా, కుక్క ముక్కులోనా? దేవుణ్ణి మరిచి పోతపోసిన దూడ చుట్టూ ఆడినవాళ్ళకు ఏం గతి పట్టిందో చదవలేదా? మీ దూడకు నాలుగు కాళ్ళూ ఒక తోకా ఉన్నాయి, మీరు దానికి గది కట్టారు! గోడ మీద వరుసగా ఇళ్ళు కనిపిస్తున్నాయి. కలిపే గరిటెలు ఆగాయి. అది చూసి నాకు ఒంట్లో నిప్పు రాజుకుంది. ఆ నిప్పులో అనవలసినది అన్నాను, అనకూడనిదీ అన్నాను.

"నా భార్య రాతి పొడి మింగిన రొమ్ముతో ఇక్కడ పడుకుని ఉంది. ఆమె ఊపిరి కోసి కుక్కకు పోస్తారా? ఈ కుక్కను పంపేద్దామనేవాళ్ళు చేతులెత్తండి!"

మొదట లేచింది రాహేలు చెయ్యి. బోధకుడి భార్య ముందు ఎత్తడం మా ఆనవాయితీ. దుప్పటిలోంచి సన్నగా పైకి వచ్చింది. తర్వాత వెంగమ్మది. తర్వాత గోడ నిండా చేతులే.

మాలకొండయ్య తన ఇంట్లోంచి ముందుకు వంగి చూశాడు. "అందరూనా? ఎవురన్నా ఏమన్నా చెప్తారా?" అన్నాడు. లేచిన చేతులు లేచినట్టే ఉన్నాయి. "నేనడగబోయేదే అన్న అడిగేశాడు. సరే అయితే" అన్నాడు.

చేతులు దిగిన తర్వాత ఒక్క క్షణం ఉంది. ఆగండి, ఇవి నేను అడిగితే ఎప్పుడూ లేచే చేతులు, మేస్త్రీ మళ్ళీ అడుగుతాడు, ఆలోచించి ఎత్తండి అని చెప్పవలసిన క్షణం. అలా చెబితే ఇన్నేళ్ళుగా నా మాటకు లేచిన చేతులన్నీ ఉత్త చేతులని నేనే ఒప్పుకున్నట్టు. ముగింపు ప్రార్థన చేశాను.

చీకటి పక్షం, సోమవారం

డప్పును పంపేశారు.

బండి దాకా వెంగమ్మ నడిపించుకు వచ్చింది. ఎవరూ ఎత్తి ఎక్కించలేదు. ఇంకో ఇంటికి వంతు అనుకున్నాడు కాబోలు, తనే గెంతి రాళ్ళ మధ్య వాలాడు. బండి రేకుకు తోక కొడుతూ మా అందరి మొహాలూ చూశాడు. బండి మలుపు తిరిగేదాకా ఆ మోత వినిపించింది. వెంగమ్మ నా వైపు చూడకుండా ఇంటికి నడిచింది.

ఇంటికి వచ్చి అడిగాను. "నువ్వెందుకు ఎత్తావు?"

"నువ్వడిగితే ఎప్పుడు ఎత్తలేదు?" అంది రాహేలు. "నేనెత్తకపోతే అందరూ నీ మొహం చూస్తారు. అది నా వల్ల కాదు."

"నీ ఊపిరి కోసమే కదా..."

"నా పేరు చెప్పి వాళ్ళనడిగావు. నన్నడగలేదు."

అటు తిరిగి పడుకుంది. గ్రంథంలో ఆమెకు చెప్పడానికి మాట వెతికాను. ఎన్నో దొరికాయి. ఒక్కటీ చదవలేకపోయాను.

చీకటి పక్షం, రెండో వారం, గురువారం

గాలి కొంచెం మెరుగయింది. రాహేలు పెదవులు బాగున్నాయి. ఆమె మాత్రం బాగా లేదు. తినమంటే రెండు ముద్దలు తింటుంది, కూర్చోమంటే కూర్చుంటుంది. ఓడ గురించి నాతో పోట్లాడదు. మా తలుపు తట్టిన మనిషి లేడు.

ఈ రోజు డప్పు గదిలోకి వెళ్ళాను, మొదటిసారి. కుక్క లేని గది ఖాళీగా ఉంటుందని, అది చూస్తే నా మనసు కాస్త కుదుటపడుతుందని అనుకున్నాను. గది నిండా మనుషులే. నన్ను చూడగానే మాటలు ఆగాయి.

"ఏంది అన్నా, దారి తప్పారా?" అంది వెంగమ్మ.

"కుక్క లేదుగా. ఇంకా ఏం మాట్లాడుకుంటున్నారు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వెంగమ్మ నవ్వలేదు.

"కుక్క గురించి ఎంతసేపు మాట్లాడతామన్నా? రాహేలు వదిన ఇయ్యాల తిన్నదా, చివరింటాయన మోకాలు ఎట్టా ఉంది, అయ్యే గదా మా మాటలు. వాడి వంతని ఒకళ్ళు దింపడానికి పోతాం, ఒకళ్ళు తీసుకురావడానికి పోతాం. పోయినోళ్ళం కాసేపు కూచుంటాం. ఊరికే వస్తే వదిన ఊరుకుంటదా? 'చూసిపోను వచ్చారా, నేనింకా పోలా' అంటది. కుక్కను పట్టుకుని వస్తే ఆ మాటనదు. అందుకే గదా మా వంతులన్నీ మీకిచ్చింది."

"నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"మీతో చెబితే ప్రసంగంలో పెడతారు గదన్నా!"

ఈసారి అందరూ నవ్వారు. నవ్వు ఆగాక అడిగాను. "మరి చేతులెందుకు ఎత్తారు?"

"మీరు వదిన ఊపిరన్నారు. ఎత్తకుండా ఎట్టా ఉంటాం? వదినే ఎత్తె!"

"వెంగమ్మత్త ఎత్తిందని మేమెత్తాం" అన్నారింకెవరో.

"నేనొక్కదాన్నే దించి కూచుంటే బాగుండదని" అంది మరొకామె.

ఎవరికీ అక్కర్లేని పని అందరూ కలిసి చేశారు. చేయించింది నేను.

ధనవంతుడి వాకిట్లో పుండ్లతో పడి ఉన్న దరిద్రుడి మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్క లేదు. ధనవంతుణ్ణి ఏకి పారేశాను. దరిద్రుడి కోసం ఏడ్చాను, ఏడిపించాను. వాకిట్లో ఆ మనిషి పుండ్లను నాకినవి కుక్కలని అక్కడే రాసి ఉంది. మనుషులు దాటుకుపోతుంటే వాడి దగ్గరికి వచ్చినవి అవే. ఆ ముక్క మీద నా వేలు ఎన్నిసార్లు పోయిందో! ఒక్కనాడూ ఆగలేదు.

చీకటి పక్షం, శనివారం

కుక్క లేకపోయినా రమ్మని ఇంటింటికీ వెళ్ళి బతిమాలాను. నలుగురు వచ్చారు. గోడకు ఆనుకుని వరుసగా కూర్చున్నారు. "ఎట్టా ఉందత్తా?" అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు.

"ఇంకా ఉంది" అంది రాహేలు.

చేతిలో పని లేదు, గోంగూర లేదు, మధ్యలో గెంతేవాడు లేడు. నేను ఒక కీర్తన ఎత్తుకున్నాను, అందరూ మర్యాదగా అందుకున్నారు. పాట కాగానే లేచి చెప్పులేసుకున్నారు. వెంగమ్మ గుమ్మంలో ఆగి ఏదో అనబోయి, నన్ను చూసి వెళ్ళిపోయింది.

పగటి పక్షం, బుధవారం

విడిభాగం వచ్చింది. గానుగ రెండు తిరగళ్ళూ తిరుగుతున్నాయి. మాలకొండయ్య నా భుజం తట్టి, "పోయి తెచ్చుకోండన్నా, ఎవురూ అడ్డం చెప్పరు. ఈసారి చేతులెత్తమనబాకండి" అన్నాడు. రాళ్ళ బండి ఎక్కి ఏడో సొరంగానికి వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. తప్పిపోయిన గొర్రె కోసం కాపరి బయలుదేరిన సంగతితో మొదలుపెడదామనుకున్నాను.

డప్పు ఎక్కడున్నాడని అడిగితే ఓబయ్య అనే ముసలి డ్రిల్లు మనిషి ఇంటికి తీసుకెళ్ళారు. కప్పు కూలి నడుము విరిగినవాడు. ఎన్నో ఏళ్ళుగా మంచమే. గదిలో ఇద్దరు ఆడవాళ్ళు చిక్కుళ్ళు ఒలుస్తూ గట్టిగా వాదించుకుంటున్నారు. ఓబయ్య మధ్యమధ్య ఇద్దరికీ తప్పులు పడుతున్నాడు. డప్పు అతని పొట్ట మీద గడ్డం ఆనించి పడుకుని ఉన్నాడు.

నన్ను చూసి లేచాడు. తోక మోగింది. వచ్చి నా చేతులు వాసన చూశాడు, నా వెనక తలుపు వైపు చూశాడు. ఇంకెవరో వస్తారనుకున్నాడేమో. ఎవరూ రాలేదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ మంచమెక్కాడు.

"మొన్ననే అందరం కూర్చుని వీణ్ణి ఉంచుకుందామనుకున్నామండీ" అంది ఒలిచేవాళ్ళలో పెద్దావిడ. "మీవాళ్ళు వద్దనుకున్నారట గదా?"

"అనుకున్నారు" అన్నాను.

ఓబయ్య కుక్క మెడ మీద చెయ్యి వేశాడు. గట్టిగా పట్టుకోలేదు, ఊరికే వేశాడు. "తీసకపోను వచ్చారా అయ్యా?"

పిలిస్తే వచ్చేవాడే డప్పు. వంతు అంటే ఎక్కడికైనా వస్తాడు. కాపరి మాట, గొర్రె మాట, దారిలో కూర్చుకున్నవన్నీ నా నాలుక మీదే ఉన్నాయి.

"చూసిపోదామని వచ్చాను" అన్నాను.

పగటి పక్షం, గురువారం

నిన్న వచ్చేసరికి రాహేలు తలుపు వైపే తిరిగి కూర్చుని ఉంది. దిండుకు ఆనుకుని, జుట్టు దువ్వుకుని. ఆమె తనంతట తాను లేచి కూర్చోవడం చూసి చాలా రోజులైంది. నా వెనక చూసింది. కాసేపటికి చూపు దించుకుంది.

"ఎట్టా ఉండాడు?"

"బాగున్నాడు. కాస్త ఒళ్ళు చేశాడు."

"ఎవరి దగ్గర?"

చెప్పాను. నడుము సంగతి చెప్పాను, చిక్కుళ్ళ సంగతి చెప్పాను. దుప్పటి అంచు వేళ్ళతో మడుస్తూ వింది.

"అడిగావా?"

"లేదు."

"అడిగుంటే ఇచ్చేవాళ్ళా?"

"ఇచ్చేవాళ్ళే."

ఆమె మడిచిన అంచు విప్పింది. "ఆయన దగ్గరికి ఇంతకుముందు ఎవరన్నా వచ్చేవాళ్ళంటనా?"

"అడగలేదు. ఇప్పుడు వస్తున్నారు."

"సరేలే" అంది. ఆ మాట మెచ్చుకుని అన్నదో, విసిగి అన్నదో, ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడా నాకు తెలియలేదు. గ్రంథం తీశాను. ఓదార్పు మాటలున్న చోటు నాకు కళ్ళు మూసుకున్నా దొరుకుతుంది.

"మూసెయ్యి" అంది రాహేలు. "చదవబాక. ఊరికే కూర్చో కాసేపు."

మంచం అంచున కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె కళ్ళు మూసుకుంది, నిద్రపోలేదు. కాసేపటికి బయట నడవలో అడుగుల చప్పుడు వినిపించింది. ఆ నడక వెంగమ్మది, మా ఇద్దరికీ తెలుసు. రాహేలు కళ్ళు తెరిచింది. అడుగులు మా తలుపు దాకా వచ్చాయి. ఆగాయి. చేతిలో ఏమీ లేని మనిషి గుమ్మం ముందు నిలబడినంతసేపు నిలబడి, ముందుకు వెళ్ళిపోయాయి.